క్రిస్మసుకు ఏ పట్టణానికి వెళ్దాం?



వరి కోతలు దగ్గరపడి, స్త్రీల సమాజంవారు క్రిస్మసు పాటలు నేర్చుకోవడం మొదలుపెట్టే రోజులలో మన సంఘాలలోని కొన్ని ఇళ్లకు ఇప్పుడు ఒక కొత్త ప్రశ్న వస్తున్నది. విదేశంలో చదువుకుంటున్న కొడుకో, ఉద్యోగం చేస్తున్న కూతురో ఉన్న ఇళ్లు ఈనాడు పల్లె సంఘాలలో కూడా కనబడుతున్నాయి. ఆ బిడ్డ ఒక రాత్రి ఫోను చేసి, “అమ్మా, ఈ పండుగకు నేను రాలేను. నువ్వూ నాన్నా ఇక్కడికి రండి. పది రోజులు సెలవులున్నాయి. ఏ ఊరు చూడాలని ఉందో చెప్పండి, అక్కడికే వెళ్దాం” అంటుంది.

ఫోను పెట్టేసిన తరువాత ఆ తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. బిడ్డను చూడబోతున్నామన్న సంతోషం ఒకవైపు. ఖర్చు, చలి, మోకాళ్ల నొప్పులు మరొకవైపు. అన్నిటికంటె మించి, బుద్ధెరిగిన నాటినుండి తప్పని మన గుడిలోని క్రిస్మసు ఆరాధన ఈసారి తప్పిపోతుందే అన్న దిగులు. పైగా ఏ ఊరి పేరు చెప్పాలి? క్యాలెండరు బొమ్మలలో చూసిన మంచు, దీపాల తోరణాలు తప్ప ఆ దేశాలను గూర్చి మనకు తెలిసింది తక్కువ.

అటువంటి కుటుంబాలకు ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు. ప్రయాణం పెట్టుకోనివారు కూడా చదవవచ్చు. ఈ పట్టణాల కథలో మన సంఘాల కథ కూడా కొంత ఉన్నది.

దీపాలను బట్టి కాదు

డిసెంబరు నెలలో యూరపులోని పట్టణాలు ఎన్నో వెలుగులతో నిండిపోతాయి. వీధి వీధికి తోరణాలు, కూడలిలో పెద్ద చెట్టు, చెక్క కొట్లు. దీపాలను బట్టి ఎన్నుకుంటే ఏ ఊరైనా ఒకటే. మూడవ రోజుకు కన్ను అలవాటు పడిపోతుంది. అందుచేత “ఏ ఊరు అందంగా ఉంటుంది?” అని అడగడం కంటె, “ఏ ఊరికి మనం కృతజ్ఞత చెప్పుకోవలసి ఉన్నది?” అని అడగడం మేలు. మన చేతిలో తెలుగు బైబిలు ఉన్నదంటే, మన పల్లెలో బడి, ఆసుపత్రి, గుడి వెలిశాయంటే, ఎవరో ఎక్కడినుండో ఓడ ఎక్కి వచ్చారు. అటువంటి ఊరికి వెళ్తే వేడుక చూచి వచ్చినట్టు మాత్రమే కాదు, పెద్దలను తలచుకుని వచ్చినట్టు కూడా ఉంటుంది.

దీనితోపాటు మరి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. డిసెంబరు 24 సాయంకాలం మనం కూర్చోవడానికి అక్కడ గుడి ఉన్నదా? ఇంటిలోని పెద్దవారు, పిల్లలు ఆ ప్రయాణాన్ని తట్టుకోగలరా? ఈ మూడు ప్రశ్నలు పెట్టుకుని నాలుగు పట్టణాలను చూద్దాం.

బేత్లెహేము

మొదట మన నోటికి వచ్చే పేరు ఇదే, రావలసిన పేరు కూడా ఇదే. ప్రభువు జన్మించిన స్థలమని చెప్పే గుహమీద 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైను చక్రవర్తి కాలంలో గుడి కట్టారు. 6వ శతాబ్దంలో జస్టీనియను చక్రవర్తి కాలంలో దానిని తిరిగి కట్టారు. అదే నేటికీ నిలిచి ఉన్నది. దాని ప్రధాన ద్వారం ఎత్తు సుమారు నాలుగు అడుగులే. ఎంత గొప్పవాడైనా నడుము వంచి లోపలికి పోవలసిందే. గుహలో నేలమీద 14 కోణాల వెండి నక్షత్రం ఉన్నది. అక్కడ క్రిస్మసు మూడుసార్లు వస్తుంది: పశ్చిమ సంఘాలవారికి డిసెంబరు 25న, ఆర్థడాక్సు సంఘాలవారికి జనవరి 7న, అర్మీనియా సంఘంవారికి జనవరి 19న. 1893లో ప్రతిష్ఠించిన లూథరన్ దేవాలయం కూడా ఆ ఊరిలో ఉన్నది. దాని పేరే క్రిస్మసు చర్చి.

అయితే 2023 అక్టోబరులో మొదలైన యుద్ధం కారణంగా 2023లోను, 2024లోను అక్కడ బహిరంగ వేడుకలు జరగలేదు. యాత్రికులు రాక, ఒలీవ కర్రతో బొమ్మలు చెక్కి బ్రతికే క్రైస్తవ కుటుంబాలు ఎంతో నష్టపోయాయి. కాబట్టి బేత్లెహేమును సెలవుల విహారంగా కాక యాత్రగా తలచుకోవాలి. ప్రభుత్వంవారి ప్రయాణ సూచనలు చూచుకుని, తెలిసిన బృందంతో, పరిస్థితి నెమ్మదిగా ఉన్న కాలంలో వెళ్లాలి. అది కొండ ఊరు. డిసెంబరులో చలి, వాన రెండూ ఉంటాయి. పెద్దవారికి మార్చి, ఏప్రిల్ నెలలు నయం. మనం వెళ్లలేని సంవత్సరాలలో ఆ ఊరి సంఘాలకొరకు ప్రార్థన చేయడం మానకూడదు.

లండను

మన ఋణం లెక్క చూస్తే లండనుది చిన్నది కాదు. 1805లో విశాఖపట్నం వచ్చి సువార్త పని ప్రారంభించిన క్రాన్, డెగ్రాంజి దొరలను పంపినది లండను మిషనరీ సొసైటీ. సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్న డెగ్రాంజి 1810లో, అంతకు ముందు సంవత్సరం క్రాన్, ఇద్దరూ మన గడ్డమీదనే కన్నుమూశారు. 1841లో మచిలీపట్నం వచ్చిన నోబుల్, ఫాక్సు దొరలను పంపిన చర్చి మిషనరీ సొసైటీ కూడా లండనులో పుట్టినదే. లోకమంతటా బైబిళ్లు పంచిన బైబిలు సొసైటీ 1804లో ఆ ఊరిలోనే మొదలయింది.

అక్కడ ఇంగ్లీషు వస్తే చాలు, తోవ అడగవచ్చు. తెలుగులో ఆరాధించే సహవాసాలు కూడా ఉన్నాయి. ట్రఫాల్గరు కూడలిలో నిలబెట్టే పెద్ద చెట్టును 1947నుండి ఏటేటా నార్వే ప్రజలు పంపుతున్నారు. యుద్ధకాలంలో చేసిన సహాయానికి అది కృతజ్ఞత.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలిసి ఉండాలి. డిసెంబరు 25న లండనులో భూగర్భ రైళ్లు, సిటీ బస్సులు నడవవు. ఆ రోజు గుడికి నడిచి వెళ్లగల దూరంలో బస చూచుకోకపోతే, పండుగనాడు గదిలో కిటికీ దగ్గర కూర్చోవలసి వస్తుంది. బిడ్డ ఇంగ్లండులోనే ఉంటే మరో ఆలోచన లేకుండా లండనే మంచిది. ఆ దేశపు వీసా వేరు, మిగిలిన యూరపు వీసా వేరు. రెండూ తీసుకోవడం పల్లె కుటుంబానికి భారం.

న్యూరెంబర్గు

“క్రిస్మసు సంత” అనగానే చాలమంది చెప్పే పేరు జర్మనీలోని న్యూరెంబర్గు. 1628 నాటికే అక్కడ ఈ సంత ఉన్నదనడానికి వ్రాతపూర్వకమైన ఆధారం ఉన్నది. నడి ఊరి కూడలిలో, ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పుల క్రింద చెక్క కొట్లు వరుసగా తీరుతాయి. మొదటి ఆగమన ఆదివారానికి ముందటి శుక్రవారం సాయంకాలం సంత తెరుస్తారు. బంగారు జుట్టు, కిరీటం పెట్టుకున్న ఒక అమ్మాయి గుడి మేడమీద నిలబడి స్వాగతం పలుకుతుంది. తేనె, మసాలా దినుసులు వేసిన అక్కడి బెల్లపురొట్టెల వంటి రొట్టెలకు లోకమంతటా పేరు.

అందమైన సంతే, సందేహం లేదు. కాని ఆ కూడలి చరిత్ర కూడా మన పిల్లలకు చెప్పాలి. 1349లో అక్కడి యూదుల పేటను పడగొట్టి, ఎందరినో చంపి, ఆ స్థలంలో ఈ కూడలిని, గుడిని నిర్మించారు. 1935లో యూదుల పౌరహక్కులు తీసివేసిన చట్టాలు ప్రకటించినది ఈ ఊరిలోనే. 1945 జనవరి 2న బాంబులకు పాత పట్టణం నేలమట్టమయింది. ఆ తరువాత నాజీ నాయకులకు విచారణ జరిగినది కూడా ఇక్కడే. ప్రభువు యూదుల ఇంట పుట్టిన శిశువని మరచిపోయి క్రిస్మసు చేసుకున్న ఊరు ఎంత దూరం పోగలదో న్యూరెంబర్గు చూపిస్తుంది. ఇది తెలుసుకోవలసిన పాఠమే.

జనం మాత్రం విపరీతం. ఒక్క సంతకాలంలోనే దాదాపు 20 లక్షలమంది వస్తారని చెబుతారు. చంటిపిల్లలతో, ముసలివారితో శనివారం సాయంకాలం ఆ గుంపులో నిలబడడం కష్టం. ఒక రోజు పనిగా, అదికూడా వారం మధ్యలో ఉదయాన చూచి రావడానికి మంచి ఊరు.

లైప్‌జిగ్

నాలుగవది లైప్‌జిగ్. మన పల్లెలలో ఈ పేరు విన్నవారు తక్కువ. అయినా పై మూడు ప్రశ్నలకు తెలుగు ప్రొటెస్టంటు కుటుంబానికి ఎక్కువ సమాధానం దొరికేది ఇక్కడే అని నా అభిప్రాయం.

సంత ఇక్కడా ఉన్నది. 1458 నాటికే ఉన్నదని చెబుతారు. కాని ఊరి విలువ సంతలో లేదు, పది నిమిషాల నడకలో ఉన్న రెండు గుడులలో ఉన్నది.

ఒకటి తోమా దేవాలయం. 1539లో పెంతెకొస్తు పండుగనాడు లూథరుగారు ప్రసంగించిన గుడి ఇది. 1723నుండి 1750లో మరణించేవరకు బాఖ్ అనే సంగీత విద్వాంసుడు ఇక్కడ పాటలు నేర్పే ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. అంటే మన భాషలో చెప్పాలంటే క్వయరు మాస్టరు. ఆదివారం ఆదివారానికి కొత్త పాట కట్టి, బడిపిల్లలచేత పాడించి, తరువాతి ఆదివారంకోసం మళ్లీ కూర్చునేవాడు. 1734 క్రిస్మసునుండి 1735 జనవరి 6వరకు ఆరు రోజుల ఆరాధనలకోసం ఆయన కూర్చిన క్రిస్మసు సంగీతం నేటికీ లోకమంతటా పాడుతున్నారు. ఆయన సమాధి ఆ గుడిలోనే ఉన్నది. 1212లో మొదలైన బాలుర గాయకబృందం నేటికీ అక్కడ పాడుతున్నది. డిసెంబరు 24 సాయంకాల ఆరాధనలో వారి పాట వినడానికి ఊరివారు చాల ముందుగా వచ్చి చలిలో వరుస కడతారు.

రెండవది నికొలాయి దేవాలయం. లోపల తెల్లని స్తంభాలు పైకి పోయి ఖర్జూరపు మట్టలవలె విచ్చుకుని ఉంటాయి. 1982నుండి ఈ గుడిలో సోమవారం సోమవారం సాయంకాలం 5 గంటలకు సమాధానంకొరకు ప్రార్థన కూడిక జరుగుతూ వచ్చింది. అది దేవుడు లేడని చెప్పే ప్రభుత్వం ఏలుతున్న కాలం. మొదట వచ్చేవారు కొద్దిమందే. గుడి బయట మాత్రం అందరికీ తెరిచి ఉన్నదని బోర్డు పెట్టారు. 1989 అక్టోబరు 9న వందలాదిమంది పార్టీవారిని ముందుగానే పంపి బల్లలు నింపించారు. వారు కూర్చున్నారు, ప్రార్థన విన్నారు, కొండమీద ప్రసంగంలోని ధన్యతలు విన్నారు. కూడిక ముగిసి తలుపులు తెరిచేసరికి బయట వీధుల నిండా జనం. చేతిలో కొవ్వొత్తి పట్టుకుంటే గాలికి ఆరిపోకుండా రెండవ చేయి అడ్డు పెట్టాలి. ఇక రాయి పట్టుకునే చేయి ఏది? దాదాపు 70,000మంది ఆ రాత్రి నడిచారు. సైనికులు, పోలీసులు ఉన్నారు గాని తుపాకి పేలలేదు. సరిగా నెలకు, నవంబరు 9న బెర్లిను గోడ తెరుచుకున్నది.

పదిమంది వచ్చే ప్రార్థన కూడికను చూచి నిరుత్సాహపడే మన పాస్టరుగార్లు, సంఘ పెద్దలు ఆ బల్లలమీద ఒక్క గంట కూర్చుంటే చాలు. ప్రయాణపు ఖర్చు అక్కడికక్కడే తీరిపోతుంది.

తెలుగు అక్షరం అచ్చయిన ఊరు

లైప్‌జిగ్‌నుండి రైలులో అరగంట కూర్చుంటే హల్లె అనే ఊరు వస్తుంది. మన ఋణమంతా అక్కడ ఉన్నది.

1695లో ఫ్రాంకె అనే పాస్టరుగారు కానుక పెట్టెలో దొరికిన కొద్దిపాటి సొమ్ముతో పేదపిల్లలకు బడి పెట్టారు. అది పెరిగి అనాథాశ్రమం, ముద్రణాలయం, మందుల శాల అయింది. అక్కడ చదివిన జీగెన్‌బాల్గుగారు 1706లో తరంగంబాడిలో దిగారు. ప్రొటెస్టంటు మిషనరీలు మన దేశానికి రావడం అదే మొదలు. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్‌గారు తరువాత మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నారు, బైబిలును తెలుగులోనికి అనువదించారు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. 1743లో ఆయన హల్లెకు తిరిగి వెళ్లారు. అయినా తెలుగును వదలలేదు. అక్కడ తెలుగు అక్షరాల అచ్చులు తయారుచేయించి, 1746, 1747 సంవత్సరాలలో చిన్న చిన్న తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించారు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా పండితులు చెప్పేది వీటినే.

ఆలోచించండి. తెలుగు చదవగలవాడు బహుశః ఆయన తప్ప మరొకడు లేని ఊరిలో, మంచు కురిసే దేశంలో, సీసపు ముక్కలమీద మన అ ఆలు చెక్కారు. ఆయన అనువదించిన బైబిలు ఆయన కళ్లయెదుట పుస్తకం కాలేదు. 1760లో ఆయన అక్కడే మరణించారు. గుంటూరుకు హయ్యరుగారు వచ్చినది 1842లో. ఆయన కూడా జర్మనీలో పుట్టి, అమెరికా వెళ్లి, అక్కడినుండి మనవద్దకు వచ్చినవారే. విత్తినవాడు ఒకడు, కోసినవాడు మరొకడు. మనం కోసిన పంట తిన్నవారం.

ఫ్రాంకెగారి కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి. మన దేశంనుండి వెళ్లిన తాళపత్రాలు అక్కడి గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అక్కడి మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. పండుగ రోజులలో వేళలు మారతాయి కాబట్టి బిడ్డచేత ముందే కనుక్కోమనాలి.

ఒక్కొక్క రోజులో

లైప్‌జిగ్‌లో బస చేస్తే మరి రెండు చోట్లకు పగటిపూట వెళ్లి రావచ్చు.

డ్రెస్డెన్ సుమారు గంటంబావు ప్రయాణం. అక్కడి పెద్ద లూథరన్ దేవాలయం 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో కాలి, రెండు రోజులకు కూలిపోయింది. దాదాపు 50 సంవత్సరాలు రాళ్లకుప్పగానే ఉన్నది. 1994లో తిరిగి కట్టడం మొదలుపెట్టి, 2005 అక్టోబరు 30న ప్రతిష్ఠించారు. పాత గుడి రాళ్లు నల్లగా, కొత్త రాళ్లు తెల్లగా గోడలో కలిసి కనబడతాయి. శిఖరంమీది బంగారు సిలువ ఇంగ్లండువారి కానుక. ఆ సిలువ పనిలో చేయి పెట్టిన కంసాలి, నాడు ఆ ఊరిమీద బాంబులు వేసిన విమాన చోదకులలో ఒకరి కుమారుడు. అగ్నిలో వంగిపోయిన పాత సిలువను గుడి లోపల ఉంచారు. మాటలు లేని తగవులతో రెండు గుంపులుగా చీలిన సంఘాలకు ఇంతకంటె ప్రసంగం అక్కరలేదు.

హెర్న్‌హూట్ అనే చిన్న ఊరు మరికొంత తూర్పున ఉన్నది. లోబౌ వరకు రైలు, అక్కడినుండి బస్సు. విశ్వాసంకోసం సొంత దేశం విడిచిన మొరేవియా శరణార్థులు 1722లో దానిని కట్టుకున్నారు. 1727నుండి వంతులు వేసుకుని రాత్రింబగళ్లు ఎడతెగని ప్రార్థన సాగించి, చిన్న ఊరైనా భూదిగంతాలకు మిషనరీలను పంపారు. 1731నుండి అనుదిన వాక్యపు పుస్తకం ఏటేటా అచ్చు వేస్తున్నారు. 2024లో ఆ ఊరికి ప్రపంచ వారసత్వ స్థలమన్న గౌరవం దక్కింది. క్రిస్మసుకు వ్రేలాడదీసే 25 కోణాల కాగితపు నక్షత్రం చేసేది వారే. లెక్కలు నేర్చుకునే బడిపిల్లల పనిగా అది మొదలయిందని చెబుతారు. మన ఇంటి వాకిట వెదురుబద్దలతో, రంగు కాగితంతో కట్టే నక్షత్రానికి అది దూరపు చుట్టం. ఇంటికి తెచ్చుకోదగిన వస్తువు ఒక్కటే అడిగితే దానినే చెబుతాను. మడిచి పెట్టెలో పెట్టి ఇస్తారు.

తేదీలు తప్పకూడదు

మనకు 25 ఉదయం పండుగ. జర్మనీలో 24 సాయంకాలమే పండుగ. ఆనాడు మధ్యాహ్నానికల్లా కొట్లు మూసివేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవు. సంతలు చాల ఊళ్లలో 23 లేదా 24తో ముగిసిపోతాయి. కాబట్టి 24న దిగితే కనబడేది మూసిన తలుపులు, ఖాళీ వీధులు. కనీసం 18, 19 తేదీలకు చేరాలి. 24 ఉదయమే మూడు రోజుల సరుకులు కొని పెట్టుకోవాలి.

పగలు చాల చిన్నది. ఉదయం 8 దాటాక తెల్లవారుతుంది, సాయంకాలం 4 గంటలకే చీకటి పడుతుంది. చలి గడ్డకట్టే స్థాయికి అటూ ఇటూ ఉంటుంది. ఒక్క స్వెట్టరు చాలదు. లోపల ఉన్ని బట్టలు, పైన గాలి చొరని కోటు, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు, జారని బూట్లు కావాలి. చీర కట్టే అమ్మగార్లు లోపల ఉన్ని పాంటు వేసుకోవడానికి మొగమాటపడకూడదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా బయలుదేరరాదు. మందులతోపాటు చీటీ కూడా ఉంచుకోవాలి.

వీసాకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 15 రోజులలో నిర్ణయం వస్తుంది, ఆలస్యం కావడం కూడా ఉన్నది. దసరాకు ముందే వేస్తే నిశ్చింత. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తల్లిదండ్రుల ఖర్చు తానే భరిస్తానని బిడ్డ అక్కడి విదేశీయుల కార్యాలయంలో హామీపత్రం తీసుకుని పంపవచ్చు. వీసా రాకపోయినా కట్టిన రుసుము తిరిగి రాదు.

మాంసపు పచ్చళ్లు, నెయ్యి, పాలకోవా తీసుకువెళ్లడానికి ఆ దేశాల చట్టం ఒప్పుకోదు. కారప్పొడి, నూనెలో వండిన అరిసెలు పెట్టుకోండి. సంతలో పొగలు కక్కే కప్పులతో అమ్మేది చాలవరకు వేడిచేసిన ద్రాక్షసారాయి. మద్యం లేని పండ్లరసం కూడా ఉంటుంది, పిల్లల పానీయం అని అడిగితే ఇస్తారు. కప్పుకు కొంత బయానా తీసుకుంటారు, కప్పు తిరిగి ఇస్తే బయానా తిరిగి ఇస్తారు. రైళ్లకు సాక్సనీ టిక్కెట్టు అని ఒకటి ఉన్నది. ఒక్క టిక్కెట్టుమీద ఐదుగురివరకు ఆ రోజంతా ప్రాంతీయ రైళ్లలో తిరగవచ్చు. పనిరోజులలో మాత్రం ఉదయం 9 దాటిన తరువాతే చెల్లుతుంది. హల్లె, డ్రెస్డెన్ రెండింటికీ పనికివస్తుంది.

మన గుడి మాట

ఇక అసలు దిగులుకు వద్దాం. పండుగనాడు మన సంఘాన్ని విడిచి వెళ్లడం తగునా?

సంఘంలో పని ఉన్నవారు, పాట నడిపించేవారు, క్రిస్మసు భోజనం బాధ్యత మోసేవారు వెళ్లకపోవడమే మంచిది. వారికి వేరే దారి ఉన్నది. సంతలు నవంబరు చివరినుండే తెరుస్తారు. డిసెంబరు మొదటి రెండు వారాలు అక్కడ గడిపి, 20వ తేదీకి ఇల్లు చేరవచ్చు. ఆగమన కాలపు ఆరాధనలు అక్కడ, క్రిస్మసు ఇక్కడ. పండుగ రద్దీకి ముందు కాబట్టి విమానం ఖర్చు కూడా కొంత తగ్గుతుంది.

కాని బిడ్డ అక్కడ ఒంటరిగా ఉంటే లెక్క మారుతుంది. కొట్లన్నీ మూసి, తోటివారంతా తమ తమ ఇళ్లకు పోయి, వీధి నిశ్శబ్దమైపోయిన ఆ 24 రాత్రి పరాయి దేశంలో ఒక్క గదిలో కూర్చోవడం ఎంత కఠినమో ఫోనులో పిల్లలు చెప్పరు. “బాగానే ఉన్నాను” అంటారు. “మీరే రండి” అన్న మాటలో ఆ చెప్పని మాట ఉన్నది. అటువంటప్పుడు మన గుడిలో మన చోటు ఒక్క సంవత్సరం ఖాళీగా ఉన్నా సంఘం ఏమీ అనుకోదు. పాస్టరుగారితో చెప్పి, కానుక ముందుగా చెల్లించి, ప్రార్థన చేయించుకుని బయలుదేరండి.

అప్పు చేసి మాత్రం వెళ్లవద్దు. మెడలోని బంగారం తాకట్టు పెట్టి చూడవలసిన ఊరు భూమిమీద లేదు. బిడ్డ చేత అదనపు డ్యూటీలు చేయించి చూసే వెలుగులు మన కళ్లకు చల్లగా ఉండవు. చేతిలో సొమ్ము లేకపోతే ఈ సంవత్సరం కాదు, మరో సంవత్సరం. లేదా ఎన్నడూ కాకపోయినా నష్టం లేదు. తొట్టిలో పరుండబెట్టిన శిశువును చూడడానికి గొల్లలు చేసినది ఒక రాత్రి నడక మాత్రమే. దూతలు వారి పొలానికే వచ్చి ఆ వర్తమానం చెప్పారు.

వెళ్లినవారు ఒక పని చేయండి. అక్కడి గుడిలో భాష తెలియకపోయినా కూర్చోండి. ఎన్నో రాగాలు మనకు తెలిసినవే, మన పెద్దలు ఆ రాగాలనే తెలుగు మాటలతో పాడుకున్నారు. మీరు తెలుగులో పాడితే ఎవరూ తప్పు పట్టరు. అక్కడ సాయంకాలం ఆరు గంటలయితే మన పల్లెలో రాత్రి పదిన్నర. మన యవనస్థులు ఇంకా గుడికి రంగు కాగితాలు అంటిస్తూ ఉంటారు. రెండు చోట్లా ఒకే ప్రభువు నామం. తిరిగి వచ్చిన తరువాత సండే స్కూలు పిల్లలను కూర్చోబెట్టి, మన అక్షరాలను మంచు దేశంలో అచ్చు వేయించిన మనిషి కథ చెప్పండి. ఫోటోలు తరువాత చూపవచ్చు.

సమాధానకర్తయైన ప్రభువు వెళ్లేవారి ప్రయాణాన్ని, ఇంట ఉండేవారి పండుగను, దూరదేశాలలోని మన బిడ్డల ఒంటరి గదులను తన సన్నిధితో నింపును గాక. ఆమేన్.